స్పానిష్ అక్షరాలకు ఇంగ్లీషు దుబాసీ అవసరమా?

విదేశీ భాష ఏదైనా తెలుగువాని చెంతకు ఇంగ్లీషు గుమ్మం గుండానే రావాలని ఎవరూ శాసించలేదు. అయినా ఆ నియమాన్ని అందరం పాటిస్తూనే ఉన్నాం. స్పానిష్ విషయంలో ఈ అలవాటు వల్ల కలుగుతున్న నష్టం ప్రత్యేకంగా పరిశీలించదగినది. ఆ భాషను మాతృభాషగా మాట్లాడేవారే 40 కోట్లకు మించి ఉన్నారు. నెరూదా కవిత్వం, మార్కెస్ నవల తెలుగు సాహిత్య చర్చలో దశాబ్దాలుగా భాగమై ఉన్నాయి. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పెరిగే తెలుగు పిల్లలు బడిలో సాధారణంగా ఎంచుకునే పరభాష ఇదే. హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో దీని బోధన జరుగుతున్నది. ఇంత సంబంధం ఉన్నప్పటికీ స్పానిష్ వర్ణమాలను తెలుగు ధ్వనుల ఆధారంగా వివరించే ప్రయత్నం మన విద్యారంగంలో బలపడలేదు. నేర్చుకునేవాడు మొదట ఇంగ్లీషు ఉచ్చారణకు లోబడి, ఆపైన దాన్ని దిద్దుకుంటూ స్పానిష్ వైపు నడవవలసి వస్తున్నది.

ఈ మార్గం అనవసరమైనది మాత్రమే కాదు, తప్పుదోవ పట్టించేది కూడా అన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. దీనికి అండగా నిలుస్తున్న మూడు అపోహలను ముందు ఖండించవలసి ఉంది. స్పానిష్ రాసినట్లే పలికే భాష గనుక ప్రత్యేకంగా నేర్వవలసినది ఏమీ లేదన్నది మొదటిది. రోమన్ లిపిలో ఉన్నది గనుక ఇంగ్లీషు ద్వారానే నేర్వాలన్నది రెండవది. స్పెయిన్ తన అక్షరాలను తగ్గించుకున్నది గనుక తెలుగు కూడా తగ్గించుకోవాలన్నది మూడవది.

రాసినట్లే పలుకుతారన్న మాట

1492లో తొలి కాస్తీలియ వ్యాకరణాన్ని ప్రకటించిన ఆంతోనియొ దె నెబ్రీహ పలికినట్లు రాయాలని, రాసినట్లు పలకాలని ఆశించాడు. 1713లో స్థాపితమైన స్పానిష్ రాజ అకాదమీ 1741 నుండి వర్ణక్రమ గ్రంథాలను వెలువరిస్తూ వచ్చింది. 1823లో లండన్ నుండి ఆంద్రెస్ బేయొ, గర్సీయ దెల్ రీయొ అమెరికా ఖండపు స్పానిష్‌కు మరింత సరళమైన వర్ణక్రమాన్ని ప్రతిపాదించారు. వారి ఆలోచనల ప్రభావంతో చీలె దేశం 1844లో చేపట్టిన ప్రత్యేక వర్ణక్రమం 1927 వరకు అక్కడ నిలిచింది. అంటే స్పానిష్ వర్ణక్రమంలో నేడు కనిపించే క్రమబద్ధత సహజసిద్ధం కాదు. అది శతాబ్దాల వాదోపవాదాల ఫలితం. గిడుగు రామమూర్తి పంతులు కాలపు వివాదాలు తెలిసిన మనకు ఇది వింతగా తోచనవసరం లేదు.

ఇంత సంస్కరణ జరిగినా అక్షరానికీ ధ్వనికీ ఒకటికి ఒకటి సంబంధం ఏర్పడలేదు. రోమన్ లిపిలో హకారపు గుర్తుగా మనం ఎరిగిన అక్షరానికి స్పానిష్ పేరు 'ఆచె'. దాని పేరులోనే హకారం వినిపించదు, మాటలలోనూ వినిపించదు. 'బె', 'ఊవె' అనే రెండు అక్షరాలకు ధ్వని ఒక్కటే. ఆ ధ్వని మాట మొదట బకారంగా, అచ్చుల మధ్య పెదవులు పూర్తిగా మూయని మెత్తని ధ్వనిగా వినిపిస్తుంది. 'సె' అనే అక్షరం అ, ఒ, ఉ ల ముందు కకారం. ఎ, ఇ ల ముందు అది స్పెయిన్ మధ్య, ఉత్తర ప్రాంతాలలో దంతాల నడుమ నాలుక ఉంచి పలికే ఊష్మం. అమెరికా ఖండమంతటా సకారం. 'హె' అనే అక్షరం అ, ఒ, ఉ ల ముందు గకారం, ఎ, ఇ ల ముందు కంఠంలో రాపిడి పుట్టే హకారం. జంట 'ఎలె'ను చాలా ప్రాంతాలలో యకారంగా, బ్వేనొస్ ఐరెస్ పరిసరాలలో షకారానికి దగ్గరగా పలుకుతారు. అక్షరాల పేర్లను ఒక పూటలో వల్లించవచ్చు గాని ఈ స్థానభేదాలు వల్లింపుకు లొంగవు.

ఇక్కడే తెలుగు విద్యార్థికి తన భాషా వ్యాకరణం అక్కరకు వస్తుంది. తెలుగు కూడా రాసినట్లే పలికే భాష అని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ గర్వం సగమే నిజం. 'చిలుక'లోని చకారం తాలవ్యం, 'చాప'లోని చకారం దంత్యం. రెంటికీ నేడు వాడే అక్షరం ఒక్కటే. దేశ్య పదాలలో ఇ, ఈ, ఎ, ఏ లతో కూడినప్పుడు చ, జ లు తాలవ్యాలని, ఇతర అచ్చులతో దంత్యాలని చిన్నయసూరి బాలవ్యాకరణం బోధించింది. పక్కనున్న అచ్చు తాలవ్యమైతే హల్లు ఒక విధంగా, కాకుంటే మరొక విధంగా పలకడం అన్న సూత్రమే స్పానిష్ 'సె', 'హె' అక్షరాలలోనూ ఉన్నది. ఫలితంగా వచ్చే ధ్వనులు వేరు కావచ్చు గాని నియమపు రూపం మనకు పరిచితమైనది. అదేవిధంగా గసడదవాదేశ సంధిని బడిలో వల్లించిన విద్యార్థికి, స్థానాన్ని బట్టి పరుషం మెత్తబడుతుందన్న ఊహ కొత్తది కాదు. స్పానిష్‌లో అచ్చుల మధ్య బ, ద, గ లు మెత్తబడడం గసడదవాదేశంతో సమానం కాదు. అయినా ఒకదాని నుండి మరొకదానికి వంతెన వేయవచ్చు. ఇంగ్లీషు మీదుగా బోధించేవారు ఈ వంతెనను చూడరు, ఎందుకంటే అది వారి దారిలో లేదు.

త ను ట గా మార్చే బోధన

రెండవ అపోహ వల్ల జరుగుతున్న హాని ఇంతకంటె పెద్దది. స్పానిష్ 'తె', 'దె' అక్షరాలు దంత్యాలు. నాలుక కొన పై పళ్ళను తాకుతుంది. తెలుగు త, ద లు సరిగ్గా అవే. ఇంగ్లీషులో ఈ అక్షరాల ధ్వనులు పళ్ళ వెనుక చిగురు భాగంలో పుడతాయి. వాటిని మన చెవి ట, డ లుగా గ్రహిస్తుంది. ఇంగ్లీషు మీదుగా వచ్చిన స్పానిష్ పేర్లన్నీ అందువల్ల తెలుగులో మూర్ధన్యాలను మోస్తున్నాయి: నెరూడా, ఫిడెల్ కాస్ట్రో, శాంటియాగో. స్పానిష్ ఉచ్చారణకు దగ్గరైనవి నెరూద, ఫిదెల్ కాస్త్రొ, సాంతియాగొ. సరైన ధ్వని తన నోటిలో పుట్టుకతో ఉన్నవానికి, దాన్ని వదిలి తప్పు ధ్వని పలకమని నేర్పుతున్నాం. ఇంగ్లీషు మాతృభాషగా గలవాడు ఎంతో అభ్యాసం చేసి సాధించవలసిన దంత్య తకారాన్ని తెలుగు బిడ్డ అమ్మ ఒడిలోనే సాధించాడు. ఆ సంపదను బోధనా పద్ధతి లాగివేస్తున్నది.

ప, త, క ల విషయమూ ఇంతే. ఇంగ్లీషు మాట మొదట ఇవి కొంత ఊపిరితో, అంటే మహాప్రాణచ్ఛాయతో పలుకుతాయి. స్పానిష్‌లో ఆ ఊపిరి ఉండదు. అల్పప్రాణ, మహాప్రాణ భేదాన్ని వర్ణమాలలోనే చదువుకున్న తెలుగు విద్యార్థికి 'ఇవి అల్పప్రాణాలు' అన్న ఒక్క మాట చాలు. ఇంగ్లీషు మాటలను ఉదాహరణలుగా చూపే పాఠం ఆ ఒక్క మాటను చెప్పలేదు. అచ్చులలోనూ ఇదే స్థితి. స్పానిష్ ఎ, ఒ లు శుద్ధాచ్చులు. ఇంగ్లీషువాని నోట అవి తరచు ఎయి, ఒఉ లుగా జారిపోతాయి. తెలుగులో ఎ, ఒ లకు ఆ జారుడు లేదు.

రేఫ విషయం మరింత ఆసక్తికరమైనది. స్పానిష్‌లో రెండు రేఫలు అర్థభేదకాలు. 'పెరొ' అంటే కాని, 'పెఱ్ఱొ' అంటే కుక్క. 'కారొ' అంటే వెల ఎక్కువైనది, 'కాఱ్ఱొ' అంటే బండి. తెలుగులోనూ ఏరు అంటే నాగలి, ఏఱు అంటే నది అన్న భేదం ప్రాచీన కావ్యభాషలో ఉండేది. శకటరేఫమన్న పేరుతో, వాడుకలో బండి ఱ అన్న పేరుతో ఆ అక్షరం మన వర్ణమాలలో నేటికీ ఉన్నది. ఒంటరి ఱకారపు ఉచ్చారణ మాసిపోయినా కఱ్ఱ, గుఱ్ఱం, బుఱ్ఱ అన్న మాటలలో నాలుక కొన కంపించడం మానలేదు. స్పానిష్ జంట రేఫను, మాట మొదటి రేఫను పలకడానికి కావలసినది ఆ కంపనమే. విశేషమేమంటే ఆ అక్షరానికి వారు పెట్టిన పేరు 'ఎఱ్ఱె'. స్పానిష్ చదువులో ఇంగ్లీషువానికి కొరుకుడు పడని ఈ ధ్వనిని, గుఱ్ఱమన్న మాట పలకగల తెలుగు పిల్లవానికి కూడా కఠినమైనదిగానే పరిచయం చేయడం ఎంతటి వైపరీత్యం!

ఎల్ నినో, ఒక అక్షరం విలువ

తెలుగు పత్రికలలో అచ్చయ్యే స్పానిష్ మాటలలో రైతుకు సైతం తెలిసినది 'ఎల్ నినో'. వానలు వెనుకబడిన ప్రతి ఏటా అది వార్తలకు ఎక్కుతుంది. పెరూ తీరపు జాలరులు క్రిస్మస్ దినాలలో కనిపించే వెచ్చని సముద్ర ప్రవాహానికి బాలయేసును తలచి పెట్టిన పేరు అది. ఆ మాటలో ఉన్నది నకారం కాదు. నెత్తిన అలవంటి గీత గల 'ఎఞె' అనే వేరే అక్షరం. మధ్యయుగ లేఖకులు జంట నకారాన్ని కుదించి రాసిన గుర్తు నుండి అది పుట్టింది. దాని ధ్వని మన ఞకారమే. ఎల్ నీఞొ అన్నది ఉచ్చారణకు అనుగుణమైన రూపం. సంవత్సరమన్న అర్థంగల 'ఆఞొ' మాటలో ఆ గీతను తొలగిస్తే అది శరీరంలోని ఒక గోప్యాంగం పేరవుతుంది. గీత అలంకారం కాదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

1991లో యూరోపియన్ సముదాయం ఈ అక్షరపు మీట లేని కంప్యూటర్ కీబోర్డులను స్పెయిన్‌లో అమ్మనీయకపోవడం స్వేచ్ఛా వాణిజ్యానికి అడ్డంకి అని అభ్యంతరం చెప్పింది. ఒక అక్షరం కోసం అక్కడి రచయితలు గొంతెత్తారు, మార్కెస్ కూడా వారిలో ఉన్నాడు. 1993లో స్పెయిన్ ప్రభుత్వం సాంస్కృతిక రక్షణ ప్రాతిపదికపై ఆ నిబంధనను చట్టబద్ధంగా నిలుపుకున్నది. వారు పోరాడి కాపాడుకున్న ధ్వనికి సరితూగే అక్షరం మన వర్ణమాలలో చవర్గపు చివర సిద్ధంగా ఉన్నది. మనం దాన్ని పిల్లలచేత వల్లింపజేస్తాం, దిద్దిస్తాం, అవసరం వచ్చినప్పుడు మాత్రం 'నినో' అని రాస్తాం. ఇంగ్లీషు ముద్రణలో గీత జారిపోతే మన రాతలో ఞకారం జారిపోయింది.

మూడవ అపోహకు సమాధానం ఇక్కడే ఉన్నది. స్పెయిన్ అక్షరాలను తగ్గించుకున్నదని, కాబట్టి ఱ, ఞ, ఙ ల వంటివాటిని మనమూ వదులుకోవచ్చునని వాదించేవారు జరిగినదేమిటో చూడవలసి ఉంది. 'చె', జంట 'ఎలె' అన్నవి రెండేసి గుర్తుల కూర్పులు. 1803 నిఘంటువు నుండి వాటిని వేరు అక్షరాలుగా ఎంచి ఆరోపాలను విడిగా కూర్చేవారు. 1994లో అకాదమీల సంఘం వాటిని తక్కిన మాటల క్రమంలోనే కలపాలని నిర్ణయించింది. 2010 నాటి వర్ణక్రమ గ్రంథం వాటిని వర్ణమాల లెక్క నుండి తొలగించి అక్షరాలు 27 అని స్థిరపరచింది. మారినది లెక్క, నిఘంటువులో పదాల వరుస. ఈ నిర్ణయం వల్ల ఏ మాటలోనూ ఆ కూర్పులు పోలేదు. అదే 2010లో నోబెల్ బహుమతి పొందిన పెరూ రచయిత మారియొ బార్గస్ యోస ఇంటిపేరు మొదట జంట 'ఎలె' అలాగే ఉన్నది. మన నిఘంటువులో క్షకారాన్ని కకారం కింద చూపినంత మాత్రాన క్షకారం పోయిందని ఎవరైనా అంటారా? అక్షరాల లెక్కింపును అక్షరాల తొలగింపుగా చూపడం వాదం కాదు, వక్రీకరణ.

ఆక్షేపణలు, సమాధానాలు

'పేర్లు స్థిరపడిపోయాయి, ఇప్పుడు మార్చితే పాఠకుడు గందరగోళపడతాడు' అన్నది మొదటి ఆక్షేపణ. ఇందులో కొంత న్యాయం ఉన్నది. మెక్సికో, స్పెయిన్, హవానా వంటి స్థలనామాలు తెలుగు మాటలైపోయాయి. వాటిని మెహికొ, ఎస్పాఞ, లా అవాన అని రాయడం పాండిత్య ప్రదర్శనమే అవుతుంది. రచయితల పేర్ల విషయంలో మాత్రం స్థిరత్వం ఎక్కడున్నది? ఒకే రచయిత మార్క్వెజ్, మార్కెజ్, మార్క్వెస్, మార్కెస్ అన్న రూపాలలో కనిపిస్తాడు. చె గెవార పేరు చేగువేరాగా గోడల మీదికి, చొక్కాల మీదికి ఎక్కింది. అందులో 'గు' అన్నది గకారాన్ని గకారంగా నిలపడానికి వాడిన మూగ ఉకారం. సెర్వాంతెస్ నవల పేరు డాన్ క్విక్సోట్ అని రాయడం ఇంకా విచిత్రం. 1605లో అచ్చయినప్పుడు ఆ పేరులోని 'ఎకిస్' అక్షరానికి షకారం వంటి ధ్వని ఉండేది. ఆ నాటి ధ్వని ఫ్రెంచి, ఇటాలియన్ రూపాలలో నేటికీ నిలిచింది. తర్వాత స్పానిష్‌లో అది కంఠ్య ఊష్మంగా మారగా, 1815 సంస్కరణలో అకాదమీ 'హోత' అక్షరంతో రాయించి కిహోతె రూపాన్ని స్థిరపరచింది. మన క్విక్సోట్ సెర్వాంతెస్ కాలపు ధ్వనీ కాదు, నేటి ధ్వనీ కాదు. ఇంగ్లీషు పాఠకుడు ఆ అక్షరాన్ని తన అలవాటు ప్రకారం చదివిన చదువుకు ప్రతిధ్వని.

'ఎవరి స్పానిష్ ప్రమాణం? స్పెయిన్‌దా, అమెరికా ఖండానిదా?' అన్నది రెండవ ఆక్షేపణ. రచయిత పలుకుబడి ప్రమాణం కావాలి. కొలంబియావాడైన మార్కెస్ పేరు చివర సకారం రాయడమే ఉచితం. స్పెయిన్ రచయితల విషయంలో దంతాల నడుమ పలికే ఊష్మానికి తెలుగులో అక్షరం లేదు. థకారం మహాప్రాణ స్పర్శం, ఊష్మం కాదు. గనుక అక్కడ కూడా సకారాన్నే వాడి, భేదాన్ని పీఠికలో ఒకసారి తెలపవచ్చు.

'తెలుగు లిపికి మాత్రం లోపాలు లేవా?' అన్నది మూడవది. ఉన్నాయి, వాటిని దాచడం శాస్త్రీయం కాదు. స్పానిష్ 'చె' అన్ని అచ్చుల ముందూ తాలవ్యమే. 'ముచాచొ' అంటే అబ్బాయి. తెలుగు పాఠకుడు తన అలవాటు ప్రకారం అందులోని చకారాలను దంత్యాలుగా చదివే ప్రమాదం ఉన్నది. ఫకారం మన వ్యాకరణంలో మహాప్రాణ పకారం, స్పానిష్‌లో పంటితో పెదవిని తాకించి పలికే ఊష్మం. అన్నిటికంటె ముఖ్యమైనది ఊనిక. తెలుగులో ఊనికకు అర్థభేదక శక్తి లేదు, స్పానిష్‌లో ఉన్నది. అచ్చుతో గాని, నకార సకారాలతో గాని ముగిసే మాటకు ఉపాంత్యం మీద, తక్కిన హల్లులతో ముగిసేదానికి చివరి అచ్చు మీద ఊనిక ఉంటుంది. ఈ నియమాన్ని మీరిన చోట అచ్చుపై వాలుగీత పెడతారు. ఒకే అక్షరాల వరుస 'తేర్మినొ' అని మొదట ఊనితే పదం, గడువు అన్న అర్థాలు. 'తెర్మీనొ' అంటే ముగిస్తున్నాను. 'తెర్మినో' అంటే అతడు ముగించాడు. ఇక్కడ ఊనికను దీర్ఘంతో చూపాను. హ్రస్వదీర్ఘాలను లిపిలోనే వేరు చేయగల తెలుగుకు ఆ సౌకర్యం ఉన్నది. లోపాలు ఉన్న మాట నిజమే గాని, తెలుగు లోపాలను తెలుగులో చెప్పి దిద్దవచ్చు. ఇంగ్లీషు లోపాలను అరువు తెచ్చుకుని వాటిని కూడా దిద్దుకోవడం రెట్టింపు శ్రమ.

ఏమి చేయాలి?

పరిశోధన వ్యాసాలకు, అనువాదాలకు కనీసం ఈ నియమాలను ప్రతిపాదిస్తున్నాను. 'తె', 'దె' లకు త, ద లు రాయాలి. మాట మొదటి రేఫకు, జంట రేఫకు కంపిత ఉచ్చారణ ఉన్నదని గుర్తించి, పాఠ్యపుస్తకాలలో ఱకారాన్ని వాడాలి. 'ఎఞె'కు ఞకారాన్ని గాని, ముద్రణకు సులువుగా న్యకారాన్ని గాని వాడాలి. 'హోత'కు హకారం, 'ఆచె'కు శూన్యం. 'బె', 'ఊవె' లకు అచ్చుల మధ్య వకారం, ఇతరత్ర బకారం. ఎ, ఇ ల ముందు 'క', 'గ' ధ్వనుల కోసం వచ్చే ఉకారం మూగది గనుక దాన్ని వదలాలి. దానిపై రెండు చుక్కలు ఉన్నప్పుడు మాత్రం పలకాలి. ఊనిక ఉన్న అచ్చుకు దీర్ఘం ఇవ్వవచ్చు. మార్పు వల్ల పాఠకునికి తికమక కలుగుతుందనుకుంటే మొదటి ప్రస్తావనలో పాత రూపాన్ని పక్కన పేర్కొనవచ్చు. తెలుగు శాఖలు, విదేశీ భాషల శాఖలు కలిసి కూర్చుంటే ఈ నియమాలకు మెరుగైన రూపం వస్తుంది.

ఇది పేర్ల దిద్దుబాటుతో ముగిసే విషయం కాదు. ఇంగ్లీషులో తడబడే తెలుగు మాధ్యమ విద్యార్థి, మరో ప్రపంచ భాష తనకు అందనిదని ముందే నిర్ణయించుకుంటున్నాడు. మొదటి మెట్టు ఇంగ్లీషేనని మనం చెప్పిన మాటను అతడు నమ్మాడు. స్పానిష్ ధ్వనుల విషయంలో ఆ మాట అసత్యమని పైన చూశాం. దంత్యాలు, అల్పప్రాణాలు, శుద్ధాచ్చులు, ఞకారం, కంపితరేఫ ఇవన్నీ అతని నోటిలో ఉన్నాయి. వాటికి వ్యాకరణంలో పేర్లు కూడా ఉన్నాయి. తులనాత్మక సాహిత్యం పేరుతో లాటిన్ అమెరికా నవలపై సిద్ధాంత గ్రంథాలు రాయించే శాఖలు ఆ నవలాకారుల పేర్లనైనా వారి భాషలో పలకడం నేర్పకపోతే, ఆ తులనలో ఒక పక్క తెలుగు, మరో పక్క ఇంగ్లీషు మాత్రమే మిగులుతాయి. స్పానిష్ ఆ గదిలోకి రానే రాదు. దాన్ని లోపలికి పిలవడానికి కావలసిన అక్షరాలు మన ఓనమాలలోనే ఉన్నాయి.